పాలంపేటను చెరువుకట్ట మీది నుంచి చూడండి

సభకు నమస్కారం. చారిత్రక గ్రామాలను చూడబోయేవారికి ఉపయోగపడేలా కొంతసేపు మాట్లాడమని నిర్వాహకులు కోరారు. పది ఊళ్ళ పేర్లు చదివి ముగించడం కంటే ఒక్క ఊరిని, దాని చుట్టూ ఉన్న పల్లెసీమను తీసుకుని నిదానంగా మాట్లాడుకోవడం మేలనిపించి, ములుగు జిల్లా వెంకటాపూర్ మండలంలోని పాలంపేటను ఎంచుకున్నాను. రామప్ప గుడి ఉన్న ఊరు అంటే మీలో చాలామందికి వెంటనే తెలుస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. గుడి పేరు చెబితే తప్ప ఈ ఊరు ఎవరికీ గుర్తు రాదు. గుడి చూసేశాక ఊరిని చూడాలన్న ఆలోచనే రాదు.

ఎక్కువమంది పాలంపేటను ఎలా చూస్తున్నారో గమనించండి. తెల్లవారుజామున హైదరాబాదులో బయలుదేరి, హనుమకొండలో వేయిస్తంభాల గుడి, వరంగల్‌లో కోట తోరణాలు చూసుకుని, మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు రామప్పకు చేరుకుంటారు. నీళ్ళలో తేలే ఇటుక గురించి ఒకసారి విని, చూరు కింది మదనికలనే స్త్రీమూర్తుల ముందు ఫోటోలు దిగి, చీకటి పడకముందే లక్నవరం వేలాడే వంతెన ఎక్కాలన్న తొందరలో వెళ్ళిపోతారు. ఇందులో తప్పేమీ లేదు, సెలవు దొరకడమే కష్టమైన రోజులివి. కానీ ఆ పద్ధతిలో చూసినవారికి ఒక ప్రశ్న తట్టే అవకాశమే ఉండదు. కాకతీయుల రాజధాని ఓరుగల్లుకు, అంటే ఇప్పటి వరంగల్‌కు, అరవై, డెబ్బై కిలోమీటర్ల దూరంలో, అడవి అంచున, ఇంత పని పెట్టి గుడి కట్టవలసిన అవసరం ఎవరికి, ఎందుకు కలిగింది? ఆ ప్రశ్నకు జవాబు గుడి ఆవరణలో దొరకదు, ఊరవతల చెరువుకట్ట మీద దొరుకుతుంది. అందుకే పాలంపేటకు వెళ్ళేవారు ముందు చెరువు చూసి, తరువాత గుడికి రావాలని నా సలహా. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇంతే, మిగిలినదంతా దానికి వివరణ.

దారి సంగతి త్వరగా చెప్పేస్తాను. వరంగల్ నుంచి 163వ నంబరు జాతీయ రహదారి మీద ములుగు దాటి, జంగాలపల్లి దగ్గర ప్రధాన రహదారి వదిలి ఎడమకు తిరిగితే పాలంపేట. రైలులో వచ్చేవారు కాజీపేటలో గాని వరంగల్‌లో గాని దిగవచ్చు, అక్కడి నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. సొంత వాహనం ఉంటే చుట్టుపక్కల తిరగడం సులువవుతుంది. అంతకు మించి దారి గురించి చెప్పుకోవలసింది లేదు.

ఇక చెరువు. తెలంగాణ పీఠభూమిలో వాన కురిసేది ప్రధానంగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నైరుతి రుతుపవనాల కాలంలోనే. ఆ నాలుగు నెలల నీటిని ఎక్కడో ఒకచోట ఆపి ఉంచుకోలేకపోతే మిగిలిన ఎనిమిది నెలలూ ఆకాశం కేసి చూడవలసిందే. గోదావరి ఈ జిల్లా అంచునే పారుతున్నా, నది మట్టం పొలాల కంటే బాగా కిందికి ఉండటం వల్ల పాతకాలంలో ఆ నీటిని పైకి తెచ్చుకునే మార్గం లేదు. కాబట్టి ఇక్కడ రాజ్యం నిలబడాలన్నా, జనాభా పెరగాలన్నా, అడవి కొట్టి కొత్త ఊరు కట్టాలన్నా మొదటి పని చెరువు వేయడమే. కాకతీయుల కాలపు ఇంజనీరింగు నేర్పు ముఖ్యంగా స్థలం ఎంచుకోవడంలో కనిపిస్తుంది. రెండు గుట్టల మధ్య వాగు దూరివచ్చే సందు వెతికి, అక్కడ కట్ట పోస్తే, గుట్టలే మిగతా వైపుల గోడలుగా నిలిచి, కొద్దిపాటి కట్టతో విస్తారమైన నీరు ఆగుతుంది. రామప్ప చెరువు అలా ఏర్పడినదే. కట్ట మీద నిలబడి నీటి వైపు చూస్తే దూరాన గుట్టల వరస చెరువును చుట్టి ఉన్న తీరు స్పష్టంగా కనిపిస్తుంది. వెనక్కి తిరిగితే, కట్ట కింద తూముల నుంచి బయలుదేరిన కాలువలు, వాటి వెంట వరి మడులు, ఆ మడుల పచ్చదనం ఆగిపోయిన చోటు నుంచి మొదలయ్యే చెలకలు, అంటే మెట్ట చేలు, ఆ చెలకల్లో పత్తి, మిర్చి. ఒక చెరువు ఎంతమేర పల్లెను పోషిస్తుందో ఏ పటమూ లేకుండా కంటితోనే కొలుచుకోవచ్చు.

కట్ట మీద నడిచేటప్పుడు మూడు చోట్ల ఆగి చూడండి. మొదటిది తూము. నీటిని అవసరమైనంత మేరకే పొలాలకు వదిలే ద్వారం అది. దాన్ని తెరిచి మూసే బాధ్యత తెలంగాణ పల్లెల్లో నీరటివారిది, ఏ మడికి ఎప్పుడు నీరు పారాలో తేల్చే పెద్దరికం కూడా ఒకప్పుడు వారి చేతుల్లోనే ఉండేది. రెండవది మత్తడి. చెరువు నిండాక మిగిలిన నీరు కట్ట మీదుగా పొర్లితే కట్టే తెగిపోతుంది కనుక, ఆ నీరు దూకి పోవడానికి ఒక పక్కన విడిచిన దారి ఇది. ఒక చెరువు మత్తడి దూకిన నీరు వృథా పోకుండా దిగువన ఉన్న మరో చెరువులోకి చేరేలా అమర్చిన గొలుసుకట్టు చెరువులు ఈ ప్రాంతమంతటా కనిపిస్తాయి. మూడవది శిఖం, అంటే ఎండాకాలంలో నీరు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే చెరువు నేల. చెరువును అందంగా చూడాలనుకునేవారు వానలు వెనుకబట్టాక, ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో రావాలి. చెరువును అర్థం చేసుకోవాలనుకునేవారు మాత్రం ఒకసారి ఎండాకాలంలో రావాలి, ఎందుకంటే నీరు తగ్గితేనే కట్ట లోపలి రాతి తాపడం, తూము అమరిక వంటివి కంటికి ఆనుతాయి. రెండూ ఒకేసారి కోరుకోవడం కుదరదు. ఒక మాట చేర్చాలి. ఇప్పుడు ఈ చెరువులోకి దేవాదుల ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి నీళ్ళు కూడా వస్తున్నాయి. పాతకాలం వారికి అందని నదిని మోటార్లు పైకి తెచ్చినా, ఆ నీటిని నిలపడానికి ఎనిమిది వందల ఏళ్ళ నాటి కట్టే ఇంకా పనికివస్తున్నదంటే ఆ కట్ట పోసినవారి అంచనా ఎంత గట్టిదో ఆలోచించండి.

చెరువు వేయడం వెనుక పుణ్యం, లెక్క, రెండూ ఉన్నాయి. తటాకం, నిధి, అగ్రహారం, దేవాలయం, ఉద్యానవనం, కావ్యం, పుత్రుడు అనే సప్తసంతానాల్లో చెరువుది గొప్ప స్థానం, కాకతీయుల కాలపు దాతలు ఆ భావనను మనసారా నమ్మారు. అదే సమయంలో, చెరువు తవ్వించినవారికో, తెగిన చెరువును బాగుచేయించినవారికో ఆయకట్టులో కొంత భాగాన్ని పన్ను లేకుండా అనుభవించే హక్కు ఇచ్చే దశబంధం అనే ఏర్పాటు కూడా ఉండేది. కాబట్టి సామంతులు, సేనానులు, స్థానిక పెద్దలు చెరువులు వేయడానికి పోటీ పడ్డారు. పాకాల, లక్నవరం, ఘనపురం చెరువులు ఆ ఉత్సాహంలో పుట్టినవే, అవన్నీ పాలంపేట నుంచి ఒకటి రెండు రోజుల తిరుగుడులో చూడగలిగినవే. అడవిని నరికి సాగులోకి తెచ్చిన భూమి పెరిగితే పంట పెరుగుతుంది, పంట పెరిగితే రాజభాగం పెరుగుతుంది, ఆ మిగులు నుంచి గుడి లేస్తుంది. గుడి లేచాక దాని ధూపదీప నైవేద్యాలకు, నర్తకులకు, వాద్యకారులకు, పూజారులకు మళ్ళీ అదే భూమి నుంచి మాన్యాలు. పాలంపేట శాసనంలోనూ దేవుడికి గ్రామాలు దానమిచ్చిన సంగతి ఉంది. చెరువు కింది వరి మడి, గుడి స్తంభం మీది నాట్యకత్తె ఒకే ఆర్థిక వ్యవస్థ బిడ్డలని చెరువుకట్ట మీది నుంచి చూస్తే తప్ప తోచదు.

ఇప్పుడు గుడి కట్టించిన మనిషి గురించి. రేచర్ల రుద్రుడు కాకతీయుల సేనాని. ఆయన కథ విషాదం నుంచి మొదలవుతుంది. దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో కాకతీయ రాజు మహాదేవుడు మరణించాడు, ఆయన కొడుకు గణపతిదేవుడు శత్రువుల చేతికి చిక్కాడు. సింహాసనం మీద రాజు లేడు, వారసుడు చెరలో ఉన్నాడు, సామంతులు తలెగరేయడానికి అదను చూస్తున్నారు. ఆ సమయంలో రాజ్యాన్ని చెదిరిపోకుండా పట్టి నిలిపినవాడు రుద్రుడు. ఆయన బిరుదుల్లో కాకతీయ రాజ్య భారాన్ని మోసినవాడనే అర్థం వచ్చేది ఒకటి ఉందంటే అది పొగడ్త కాదు, జరిగిన సంగతే. 1199లో గణపతిదేవుడు విడుదలై వచ్చి రాజ్యం చేపట్టాడు, 1262 దాకా ఏలాడు. ఆ దీర్ఘ పరిపాలన తొలి దశలో, శక సంవత్సరం 1135లో, అంటే క్రీస్తు శకం 1213లో, రుద్రుడు ఇక్కడ రుద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడు. గుడి ఆవరణలోనే ఉన్న రాతి స్తంభం మీది సంస్కృత శాసనం ఈ వివరాలను చెబుతుంది. చాలామంది దాన్ని దాటుకుని వెళ్ళిపోతారు. చదవడం రాకపోయినా దాని ముందు కాసేపు నిలబడండి, ఈ ఊరి చరిత్రలో మనకు రాతపూర్వకంగా దొరికిన మొదటి సాక్ష్యం అదే. రామప్ప అన్న పేరు శిల్పిదని స్థానికంగా తరతరాలుగా చెప్పుకుంటున్నారు. కట్టించిన సేనాని పేరు శాసనానికి పరిమితమై, చెక్కినవాడిదని చెప్పే పేరు జనం నోట నిలిచిపోవడం నాకు బాగా నచ్చిన విషయం.

గుడిని ఎలా చూడాలి? నక్షత్రాకారపు ఎత్తైన జగతి, అంటే రాతి వేదిక మీద, తూర్పు ముఖంగా గుడి నిలబడి ఉంది. వెంటనే లోపలికి వెళ్ళకుండా ముందు జగతి మీద ఒకసారి ప్రదక్షిణగా తిరగండి. గోడ అడుగు భాగంలో బారులు తీరిన ఏనుగులు కనిపిస్తాయి. తరువాత తల పైకెత్తితే, చూరు కింద, స్తంభాల భుజాల మీది నుంచి ముందుకు వాలి నిలిచిన స్త్రీమూర్తులు. వీటినే మదనికలు అంటారు. తూర్పు, దక్షిణ, ఉత్తర ద్వారాల దగ్గర మొత్తం 12 ఉన్నాయి. నాగిని ఉంది, చీర లాగుతున్న కోతిని విదిలించుకుంటున్న స్త్రీ ఉంది, ఎత్తు మడమల పాదరక్షలు తొడుక్కున్న స్త్రీ ఉంది. ఈ చివరిదాన్ని చూపించి ఈనాటి ఫ్యాషను ఆనాడే ఉందని నవ్వించడం పరిపాటి. నవ్వండి, కానీ నవ్వాక ఆమె నడుము వంపును, మోకాలి మీద బరువు నిలిపిన పద్ధతిని కూడా చూడండి. నిలువు కడ్డీ వంటి రాయికి ఆ వాలు తెచ్చినవాడి చేతి పనితనం తెలుస్తుంది.

అక్కడే రాయిని కూడా గమనించండి. గుడి దేహం ఎక్కువభాగం ఎర్రని ఇసుకరాయి. మదనికలు, లోపలి ముఖ్య స్తంభాలు మాత్రం నల్లని డోలరైటు. ఇసుకరాయి మెత్తన, ఎనిమిది వందల ఏళ్ళ వానకు, ఎండకు దాని అంచులు అరిగి మొద్దుబారాయి. డోలరైటు చెక్కడానికి మహా మొండి రాయి, ఒకసారి చెక్కాక మాత్రం చెదరదు. అందుకే ఒకే గుడిలో, ఒకే వయసున్న రెండు శిల్పాల్లో ఒకటి ముసలిదిగా, మరొకటి నిన్న మొన్న చెక్కినట్టుగా కనిపిస్తాయి. ఎండ వాననూ, మనుషుల చేతులనూ తట్టుకోవలసిన చోట గట్టి రాయి, బరువు మోసి నిలిస్తే చాలనుకున్న చోట మెత్తని రాయి వాడటంలో ఒక ఆలోచన ఉందని నా అభిప్రాయం. ఇక గర్భగుడి మీది మెట్లు మెట్లుగా లేచిన విమానం రాయి కాదు, ఇటుక. నీళ్ళలో వేస్తే తేలే ఇటుక. గుడి దగ్గర అందరూ చెప్పుకునే వింత ఇదే అయినా, తేలడం అనేది అసలు ప్రయోజనం కాదు. విమానం బరువు తగ్గితే కింది గోడల మీద, పునాది మీద భారం తగ్గుతుంది. ఈ గుడి పునాది గుంతను ఇసుకతో నింపి, దాని మీద కట్టడం లేపారు. నేల కదిలినా, కుంగినా ఆ అదురును ఇసుక కొంతవరకు తనలో ఇముడ్చుకుంటుంది. అంటే కింద ఇసుక, మధ్యలో రాయి, పైన తేలికైన ఇటుక అన్నవి వేర్వేరు వింతలు కావు, ఒకే లెక్కలోని మూడు అంకెలు. ఆ లెక్క పూర్తిగా ఫలించిందని కూడా చెప్పలేం. మహామండపంలో నడిచేటప్పుడు నేల పలకలు కొన్నిచోట్ల పైకి, కొన్నిచోట్ల కిందికి ఉన్న సంగతి మీ పాదాలకే తెలుస్తుంది. నేల కుంగింది. గుడి మాత్రం నిలిచింది.

లోపల నాలుగు మధ్య స్తంభాల మీద, వాటి మధ్యనున్న కప్పు మీద, మండపానికీ గర్భగుడికీ నడుమ ఉండే అంతరాళం ద్వారం చుట్టూ చెక్కిన నాట్య భంగిమల దగ్గర కొంత సమయం కేటాయించండి. మృదంగం వాయించేవారు, గుంపుగా అడుగులు వేసేవారు, ఒకే దేహానికి రెండు మూడు కదలికలు ఒకేసారి చూపించే చిత్రణలు కనిపిస్తాయి. గణపతిదేవుడి గజసాహిణి, అంటే గజబలానికి అధిపతి అయిన జాయపసేనాని 1253-54లో నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథం రాశాడు. ఆ గ్రంథం చూసి ఈ శిల్పాలు చెక్కారని కొందరు ఉత్సాహంగా చెబుతుంటారు. సంవత్సరాలు లెక్క వేస్తే అది నిలవదు. ప్రతిష్ఠ 1213లో జరిగింది, గ్రంథం దానికి నలభై ఏళ్ళ తరువాతిది. పని ఆ నలభై ఏళ్ళ పాటూ సాగిందనుకున్నా, శిల్పి చేతిలో పుస్తకం ఉందని అనుకోనవసరం లేదు. గుడుల ముందు, రచ్చల దగ్గర ఆడుతున్న ఆటను శిల్పి ఒక పక్క నుంచి, సేనాని మరో పక్క నుంచి చూశారనుకోవడమే సహజం. నటరాజ రామకృష్ణగారు 20వ శతాబ్దంలో పేరిణి శివతాండవం అనే పాత నాట్యాన్ని తిరిగి నిలబెట్టినప్పుడు ఈ గ్రంథాన్నీ, ఈ శిల్పాలనూ పక్కపక్కన పెట్టుకుని చదువుకున్నారు. దాని వల్లే పేరిణి ఈనాడు మన కళ్ళ ముందు ఉంది. ఇలాంటిదే మరొక ప్రచారం ఉంది. దక్కను ఆలయాల ఆకాశంలో రామప్ప అత్యంత కాంతిమంతమైన నక్షత్రమని మార్కోపోలో రాశాడని బోర్డుల మీద, ప్రయాణ వ్యాసాల్లో కనిపిస్తుంది. ఆ వెనిస్ యాత్రికుడు మోటుపల్లి రేవు గురించి, వజ్రాల గురించి, సన్నని వస్త్రాల గురించి, రాజ్యమేలుతున్న రాణి గురించి రాశాడు. రామప్ప గురించి ఆయన వర్ణనలో ఏమీ లేదు. ఈ గుడి గొప్పదనానికి ఆయన సాక్ష్యం అవసరమూ లేదు.

గర్భగుడి ద్వారం పక్కన వేణువూదుతున్న కృష్ణుడి శిల్పం ఉంది. దాన్ని వేలితో మీటితే స్వరాలు పలుకుతాయని చూపిస్తారు, వచ్చిన ప్రతివారూ ఒకసారి మీటి చూడాలనుకుంటారు. దయచేసి మీటకండి. ఒక్కొక్క వేలు పెద్ద హాని చేయదు, కానీ రోజూ వందల వేళ్ళు తగిలితే ఏమవుతుందో ఆ చోట రాయి నునుపును చూస్తే మీకే తెలుస్తుంది. ఎదురుగా ఉన్న నంది మండపం శిథిలమైనా, నంది మాత్రం మెడ గంటలతో సహా చక్కగా ఉంది. పక్కనున్న కామేశ్వరాలయాన్ని పునర్నిర్మాణం కోసం పురావస్తు సర్వేక్షణ శాఖవారు రాయి రాయిగా విప్పారు. అలా విప్పిన రాళ్ళు ఇంకా బయట కనిపిస్తే కొందరు నిట్టూరుస్తారు గాని, ఆ రాళ్ళను చూడటం ఒక అదృష్టమని నేనంటాను. కట్టి ఉన్న గుడిలో ఎన్నడూ కనిపించని రాతి కీళ్ళు, ఒక రాయిలో మరొకటి ఇమిడే గాడులు బయట ఉంటాయి.

2021 జులై 25న, చైనాలోని ఫుజౌ కేంద్రంగా జరిగిన యునెస్కో ప్రపంచ వారసత్వ కమిటీ 44వ సమావేశంలో ఈ గుడి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తెలంగాణ నుంచి ఆ జాబితాలో చేరిన మొదటి కట్టడం ఇదే. అంతకు దాదాపు వంద సంవత్సరాల ముందే నిజాం రాజ్య పురావస్తు శాఖ అధిపతి గులాం యజ్దానీ పాలంపేట ఆలయాల మీద 1922లో ప్రత్యేక గ్రంథం వెలువరించారు కనుక, ఈ గుడిని ప్రపంచం నిన్న కనుగొన్నదని అనుకోకూడదు. యునెస్కో తన వివరణలో గుడిని ఒంటరిగా చూడలేదు. గుట్టలు, అడవి, చెరువు, పరీవాహక ప్రాంతం, పొలాలు, వీటితో కలిపి గుడి స్థానాన్ని ఎంచుకున్న పద్ధతిని ప్రత్యేకంగా ప్రస్తావించింది. నేను ఇంతసేపు చెబుతున్న మాటే అది. కానీ రక్షణ చట్టం పనిచేసే తీరు వేరు. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ పైన మరో 200 మీటర్ల మేర అనుమతితోనే కట్టాలి. ఇది అవసరమైన నియమమే. అయితే గుడి పక్కనే పుట్టి పెరిగిన కుటుంబానికి, ఇంటి మీద మరో గది వేసుకోవాలంటే దస్త్రాల చుట్టూ తిరగవలసి వచ్చినప్పుడు, ప్రపంచ వారసత్వం అనేది భారంగా తోచడంలో వింత లేదు. ఆ భారం మోస్తున్నవారికి గుడి వల్ల వచ్చే ఆదాయంలో వాటా దొరకాలి. వచ్చేవారంతా ఒక గంట ఆగి వెళ్ళిపోతే ఆ వాటా దొరకదు. రాత్రి ఈ పరిసరాల్లోనే బస చేయడం, ఊరివారి దగ్గరే భోజనం చేయడం, చుట్టూ తిప్పి చూపించడానికి స్థానిక యువకుణ్ణో, యువతినో వెంట తీసుకుని తగిన డబ్బు ఇవ్వడం, వీటిని నేను దానం అనను, బాకీ అంటాను.

పొలాల్లో తిరిగేటప్పుడు నాట్లు పడిన మడి గట్ల మీద జాగ్రత్తగా నడవండి, తడిసిన గట్టు తెగితే రైతుకు మళ్ళీ పని. పని చేసుకుంటున్నవారిని ఫోటో తీయాలనుకుంటే ముందు అడగండి. అమ్మా, అన్నా అని పలకరించి రెండు మాటలు మాట్లాడితే ఫోటో కంటే విలువైన సంగతులు తెలుస్తాయి. ఏ తూము కింద నీరు ముందు పారుతుంది, ఏ ఏడాది మత్తడి దూకింది, ఏ ఏడాది చెరువు అడుగంటింది అన్నవి పుస్తకాల్లో ఉండవు. పొలాల మధ్యా, కట్ట పరిసరాల్లోనూ చిన్న చిన్న శిథిలాలయాలు కనిపిస్తాయి. పెద్ద గుడికి వచ్చినవారిలో నూటికి ఒకరు కూడా వాటి దాకా పోరు. చెట్ల వేర్లు రాళ్ళను పెకలించిన చోట జాగ్రత్తగా ఉండాలి, వానాకాలంలో పాముల భయం కూడా ఉంది.

రెండవ రోజున ఘనపురం వెళ్ళండి. ఇప్పుడది జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది, పాలంపేటకు ఎక్కువ దూరం కాదు. అక్కడ కోటగుళ్ళు అనే ఆవరణలో, ఒకే ప్రాకారం లోపల, గణపేశ్వరాలయం చుట్టూ ఇరవైకి పైగా చిన్నా పెద్దా గుళ్ళు ఉన్నాయి. పాలంపేట అంత చెక్కు చెదరకుండా లేవు, అంత పేరూ లేదు, జనమూ ఉండరు. ఊరి పక్కన గణపసముద్రం. చెరువు, గుడి, ఊరు అన్న అదే అమరిక ఇక్కడ మళ్ళీ కనిపించినప్పుడు, పాలంపేట ఒక సేనాని ఒంటరి ఉత్సాహం కాదని, ఒక పాలనా పద్ధతి అని అర్థమవుతుంది.

ఆ పద్ధతికి మరో ముఖం కూడా ఉంది, దాన్ని చూడకుండా ఈ పల్లెసీమ నుంచి తిరిగి రావడం సగం చూసి రావడమే. అదే ములుగు జిల్లాలో, తాడ్వాయి మండలంలో, అడవి మధ్య మేడారం ఉంది. రెండేళ్ళకోసారి మాఘ మాసంలో సమ్మక్క సారలమ్మ జాతర జరిగే చోటు. విగ్రహాలు లేని జాతర అది. సారలమ్మను కన్నెపల్లి నుంచి, సమ్మక్కను చిలుకలగుట్ట నుంచి కోయ పూజారులు గద్దెల మీదికి, అంటే పూజా వేదికల మీదికి తెస్తారు, భక్తులు బంగారంగా పిలుచుకునే బెల్లాన్ని సమర్పిస్తారు. కోయల గాథ ప్రకారం, కాకతీయులకు కప్పం కట్టే మేడారం పాలకుడు పగిడిద్దరాజు కరువు వల్ల కప్పం చెల్లించలేకపోయాడు. కాకతీయ సైన్యం అడవి మీదికి వచ్చింది. పగిడిద్దరాజు, ఆయన కూతుళ్ళు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు యుద్ధంలో నేలకొరిగారు, కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణాలు విడిచాడు, అప్పటి నుంచి అది జంపన్న వాగు అయింది. పగిడిద్దరాజు భార్య సమ్మక్క గాయాలతో చిలుకలగుట్ట వైపు వెళ్ళి కనిపించకుండా పోయింది. ఈ గాథకు శాసన సాక్ష్యం వెతకడం చరిత్రకారుల పని. మనకు కనిపించవలసినది వేరే ఉంది. పాలంపేటలో చెరువులు వేసి, గుళ్ళు కట్టి, నాట్యాన్ని పోషించిన ప్రభువులుగా నిలిచిన కాకతీయులే, కొన్ని మైళ్ళ దూరంలోని అడవిలో కరువు రోజుల్లో పన్ను కోసం దండెత్తి వచ్చినవారిగా జ్ఞాపకం ఉన్నారు. చెరువు నీరు పారినంత మేర ఒక చరిత్ర, ఆ నీరు అందని అడవిలో మరొకటి. శాసనం రాయించగలిగినవారి మాట రాతి మీద ఉంది, రాయించలేనివారి మాట జాతరగా లక్షలమంది నోట బతికి ఉంది. ఒకదాన్ని రెండోదానితో కొట్టివేయకుండా, రెండింటినీ ఒకే ప్రయాణంలో వినగలగడం ఈ ప్రాంతానికి వెళ్ళేవారికి దక్కే అరుదైన అవకాశం.

జాతర ఏడాదిలో ఆ నాలుగు రోజులూ ఈ దారులన్నీ బండ్లతో నిండిపోతాయి కనుక, పాలంపేటను నిదానంగా చూడాలనుకునేవారు ఆ వారాన్ని తప్పించుకోవాలి. జాతర చూడాలనుకునేవారు గుడిని మరోసారికి వాయిదా వేసుకోవాలి. రెండూ కలిపితే రెండూ సగమే అవుతాయి. జాతర లేని రోజుల్లో మేడారం గద్దెల దగ్గర రద్దీ తక్కువ, పెద్దవాళ్ళు తీరికగా ఉంటే గాథను తమ నోటితోనే చెబుతారు. ఏటూరునాగారం అభయారణ్యం అంచుల వెంట వెళ్ళే దారి అది. చీకటి పడ్డాక బండి నెమ్మదిగా నడపండి, అడవిలో ఎక్కడపడితే అక్కడ దిగకండి, ప్లాస్టిక్ వదలకండి. మహాశివరాత్రికి రామప్పలో కూడా జనం కిక్కిరిసి ఉంటారు. ఆ రోజున శిల్పాలు చూడటం కుదరదు, కానీ ఇది పురావస్తు కట్టడం మాత్రమే కాదని, రుద్రేశ్వరుడికి ఇప్పటికీ పూజలందుతున్న గుడి అని మీకు స్వయంగా తెలియాలంటే అంతకు మించిన రోజు లేదు. మామూలు రోజుల్లో పొద్దున్నే వెళ్ళండి. తూర్పు ముఖం గుడి కాబట్టి తొలి ఎండ మండపంలోకి నేరుగా పడుతుంది, నల్లని స్తంభాల మెరుపు ఆ వేళలోనే బాగా కనిపిస్తుంది. ముందు రోజు సాయంత్రం చెరువుకట్ట చూసి ఉంటే మరీ మంచిది.

నేను చెప్పదలచుకున్నవి ఇవి. దారి గురించి, కాలం గురించి, శాసనం గురించి ఎవరికైనా సందేహాలుంటే ఇప్పుడు అడగవచ్చు.